నోలీన్ కుడివైపు

నోలీన్ పెళ్ళికి వాళ్ళ నాన్న ఇచ్చిన కానుక, ఆమె నోట్లో ఉన్న పళ్ళన్నీ పీకించడం.

ఇది వేళాకోళం కాదు. 1967లో, మటౌరా అనే ఊళ్ళో జరిగిన సంగతి. ఆ రోజుల్లో మా దేశపు దక్షిణాన ఆడపిల్లకి అది పరువైన కానుకే. పెళ్ళయ్యాక పంటి డాక్టరు ఖర్చు అల్లుడి నెత్తిన పడకుండా, ముందే అన్నీ తీయించేసి, పైవరసా కిందివరసా కట్టుడు పళ్ళు పెట్టించి అప్పగించేవారు. నోలీన్‌కి అప్పుడు ఇరవై ఏళ్ళు. పుచ్చిన పళ్ళు రెండు. తీసినవి ఇరవై ఎనిమిది. మిగతావి ఎందుకు నాన్నా అని అడిగితే, "అవీ ఎప్పుడో ఒకప్పుడు పుచ్చేవేగా" అన్నాడట ఆయన. ఆ లెక్కన మనిషిని పుట్టగానే పాతిపెట్టొచ్చు అని నోలీన్ ఇప్పుడంటుంది. అప్పుడు అనలేదు. అప్పుడు నాన్నకి ముద్దు పెట్టి థాంక్స్ చెప్పింది. పెళ్ళి ఫొటోలో ఆమె నవ్వు చూసి సినిమా తారలా ఉందన్నారట అందరూ.

ఆమె పెళ్ళాడిన ఆర్చీ గిల్‌రే గొర్రెల రైతు. ఆయన జన్మలో పంటి డాక్టరు గడప తొక్కలేదు. ఎనభై ఏళ్ళకి కూడా నోటి నిండా సొంత పళ్ళే, పాత కంచె గుంజల్లా రంగు మారి, వాటిలాగే కదలకుండా ఉన్నాయి. ఆపిల్‌ని కాడ తప్ప ఏమీ మిగల్చకుండా తింటాడు. అక్రోట్లు నోటితోనే పగలగొడతాడు. పళ్ళున్నచోట శనగలుండవు, శనగలున్నచోట పళ్ళుండవు అంటారు. వాళ్ళింట్లో శనగలూ పళ్ళూ ఒకవైపే కూర్చుంటే, బల్లకి రెండోవైపు నోలీన్ ఉడకబెట్టిన ముల్లంగి మెత్తగా మెదుపుకుని తినేది.

యాభై ఏడేళ్ళ కాపురంలో ఆర్చీ ఆమెని పళ్ళు లేకుండా ఒక్కసారి కూడా చూడలేదు. అంటే, చూడలేదని ఆమె నమ్మకం. కట్టుడు పళ్ళు రాత్రి తీసి పడుకోమని డాక్టర్లు చెబుతారు. ఆమె తీసేది కాదు. తెల్లవారుజామున ఐదింటికి, ఆయన కంటే ముందే లేచి, స్నానాల గదిలో గొళ్ళెం పెట్టుకుని, కుళాయి ధారగా వదిలి ఆ చప్పుడులో వాటిని కడుక్కుని మళ్ళీ పెట్టుకునేది. ఇద్దరు పిల్లల్ని కన్నప్పుడు కూడా, ఏ స్థితిలోనూ నా పళ్ళు తీయొద్దని నర్సుల చేత ఒట్టు వేయించుకుందట. పగలూ రాత్రీ ఆ బరువు కింద నలిగి దవడ ఎముక ఇంకా తొందరగా అరిగిపోయింది. మొగుడి దగ్గర నోరు దాచుకోవడానికి పడ్డ పాట్లే ఆ నోటిని తినేశాయి.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, నేను గోర్ ఊళ్ళో డాక్టర్ హుహానా బ్రాడ్‌షా పళ్ళ క్లినిక్‌లో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. నా పేరు మోయిరా. డాక్టర్ రోగి నోట్లో పని చేస్తుంటే పక్కన నిలబడి గొట్టంతో ఉమ్ము లాగే మనిషిని నేనే. డాక్టర్ బయటికి వెళ్ళగానే రోగులు మాట్లాడేది నాతోనే.

నోలీన్ మా దగ్గరికి వచ్చిన కారణం ఊరందరికీ తెలుసు. వ్యవసాయ ప్రదర్శనలో మిఠాయిల పోటీకి ఆమె ఇరవై ఏళ్ళుగా న్యాయనిర్ణేత. ఆ ఏడు యూనా పాటర్సన్ చేసిన హోకీ పోకీ, అదే పంచదార పాకం గట్టిపరిచి చేసే మిఠాయి, కొరికింది. కొరికి వెనక్కి లాగితే మిఠాయితో పాటు కింది పళ్ళ వరస కూడా బయటికొచ్చింది. ముప్పై మంది ఆడవాళ్ళు చూస్తున్నారు. నోలీన్ ఆ రెండింటినీ చేతిరుమాలులో చుట్టి, నోరు మూసుకునే ఆ పళ్ళెం పక్కన మొదటి బహుమతి చీటీ పెట్టేసి వెళ్ళిపోయింది. యూనాకి మొదటి బహుమతి రావడం అదే మొదలు. నా పాకం అంత బాగా కుదిరింది అని ఆవిడ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

మర్నాడే నోలీన్ మా కుర్చీలో కూర్చుంది. హుహానా ఎక్స్‌రే తీసి తెరమీద చూపించింది. హుహానా బ్లఫ్ రేవులో ఆలుచిప్పలు పట్టేవాళ్ళ ఇంటి పిల్ల, ఏదీ దాచి చెప్పడం తెలియదు.

"ఇదిగో మీ కింది దవడ. ఒకప్పుడు నా బొటనవేలంత మందం ఉండి ఉంటుంది. ఇప్పుడు చిటికెన వేలంత ఉంది."

"మిగతాదంతా ఎక్కడికి పోయింది?"

"పళ్ళు లేకపోతే ఆ ఎముకకి పని ఉండదు. పని లేని ఎముకని ఒళ్ళు ఉంచుకోదు."

"ఉంచుకోకపోతే మానె, నాకొక మాట చెప్పాలిగా."

కట్టుడు పళ్ళు కదలకుండా ఉండాలంటే దవడలో ముందువైపు కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి టైటానియం మరలు దింపాలి. వాటినే ఇంప్లాంట్లు అంటారు. వాటి చుట్టూ ఎముక పట్టాక, పళ్ళ వరసని చొక్కా గుండీలా వాటికి నొక్కి బిగిస్తారు. కానీ నోలీన్ దవడలో మర చుట్టూ పట్టడానికి చాలినంత ఎముక లేదు. సరిగ్గా అప్పుడే మా క్లినిక్ ఒక పరీక్షలో భాగం అయింది. ఎముక పెరగడానికి ఒక విదేశీ కంపెనీ తయారుచేసిన మందుని మూడు ఊళ్ళలో నలభై మంది మీద చూస్తున్నారు. పరీక్షలో చేరినవాళ్ళకి ఖర్చేమీ ఉండదు.

"గ్రోత్ ఫ్యాక్టర్ అంటారు. ఒక రకం ప్రొటీన్," అంది హుహానా. "ఎముక విరిగినప్పుడు ఒళ్ళు తనంతట తనే చేసుకునేదే ఇది. సిమెంటు కాదు, ఇటుకా కాదు. ఎముక కట్టే మేస్త్రీలకి కబురు, అంతే. మేస్త్రీలు మీ ఒంట్లోనే ఉన్నారు."

"కబురందినా రాని మేస్త్రీలు ఈ ఊళ్ళోనూ ఉన్నారు. ఇంటి కప్పు కారుతోందని మేస్త్రీ డెన్నీకి మార్చిలో చెప్పాను. ఇప్పుడు ఆగస్టు."

"మేం చూద్దామనుకుంటున్నదీ అదే. కబురు పెడితేనే వస్తారా, పెట్టకపోయినా వస్తారా అని. అందుకని ఒక పక్క మర చుట్టూ మందులో నానబెట్టిన దూది లాంటిది పెడతాం. రెండో పక్క ఉప్పునీళ్ళలో నానబెట్టింది పెడతాం. ఏ పక్క ఏదో మీకు తెలీదు, నాకూ తెలీదు."

"మరి ఎవరికి తెలుసు?"

హుహానా నావైపు చూసింది. నోలీన్ కూడా చూసింది. పరీక్షవాళ్ళు పంపిన కవరు చింపి, అందులో రాసినట్టు రెండు గిన్నెల్లో రెండు ముక్కలు నానబెట్టి, ఎవరికీ చెప్పకుండా కవరు మళ్ళీ అంటించి సీలు వేయడం నా పని. పళ్ళు బిగించిన ఏడాదికి స్కాన్ తీసేదాకా ప్రాణం పోయినా నోరు విప్పనని నేను సంతకం పెట్టాను.

సూదికీ కోతకీ నోలీన్ జంకలేదు. చివర్లో హుహానా మాట వరసకి చెప్పిన ఒక్క సంగతికి మాత్రం కుర్చీలోంచి లేచిపోయింది. ఆపరేషన్ అయ్యాక రెండు వారాలు కింది పళ్ళు పెట్టుకోకూడదు.

"అయితే నాకొద్దు," అంది.

హుహానాకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మా అమ్మదీ అదే కథ, ఆమె పెళ్ళి కానుకా అదే. నోలీన్ వెంట బయటి గుమ్మం దాకా వెళ్ళాను.

"ఆర్చీని రెండు వారాలు ఎక్కడికైనా పంపెయ్యొచ్చుగా," అన్నాను మెల్లిగా.

నోలీన్ గుమ్మంలో ఆగింది. "టె అనౌలో ఆయన తమ్ముడున్నాడు. చేపలంటే పిచ్చి ఇద్దరికీ," అంది.

సెప్టెంబర్లో ఆర్చీని టె అనౌకి సాగనంపింది. ఇంట్లో గోడలకి రంగు వేయిస్తున్నానని, ఆ వాసనకి ఆయన ఊపిరితిత్తులు తట్టుకోలేవని చెప్పింది. అబద్ధం నిజం అనిపించాలని ఒక గోడకి రంగు వేయించింది కూడా. ఆయన వెళ్ళిన మర్నాడు ఆపరేషన్. నేను కవరు చింపాను. మందు ఎడమవైపు. ఉప్పునీళ్ళు కుడివైపు. రెండు గిన్నెల్లో రెండు ముక్కలూ ఒకేలా తడిసి, ఒకేలా తెల్లగా ఉన్నాయి. హుహానా చెయ్యి చాపింది. అందించాను. గంటన్నరలో కుట్లు పడ్డాయి.

తొమ్మిదో రోజు ఆర్చీ తిరిగొచ్చాడు. తమ్ముడు చేపల మీద మాట్లాడినంత సేపు చేపలు పట్టడట, విసుగొచ్చి బయల్దేరాడు. మధ్యాహ్నం పూట నోలీన్ వంటింట్లో పప్పు సూప్ వడగట్టుకుంటోంది. వెనక తలుపు తీసుకుని ఆయన లోపలికి రాగానే చేతిలో ఉన్న వంటగుడ్డ మొహానికి అడ్డం పెట్టేసుకుంది. ఈ సంగతి కుట్లు తీయించుకోవడానికి వచ్చినరోజు ఆమే నాకు చెప్పింది, కోపంతో ఊగిపోతూ.

"ఏమైంది?" అన్నాడట ఆర్చీ.

"జలుబు," అందట గుడ్డలోంచి.

"జలుబా? మరి గోడ రంగు బాగానే ఉందే."

"లోపలికి రాకు. అంటుకుంటుంది."

ఆయన టోపీ తీసి మేకుకి తగిలించి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నోలీన్, ఆ గుడ్డ తియ్యి. సూప్ చల్లారిపోతోంది."

ఆమె తీయలేదు. అప్పుడు ఆయనన్నాడట, "డెబ్బై నాలుగులో స్టూవర్ట్ దీవికి పడవలో వెళ్ళాం, గుర్తుందా?"

గుర్తుంది. సముద్రం పొంగి పడవంతా ఊగిపోయింది. నోలీన్ వాంతులు చేసుకుని చేసుకుని స్పృహ తప్పింది. లేచేసరికి ఆమె కింది పళ్ళు ఆమె కోటు జేబులోనే, ఒక రుమాలులో చుట్టి ఉన్నాయి. తనే ముందుజాగ్రత్తగా తీసి పెట్టుకుందనుకుంది. యాభై ఏళ్ళు అలాగే అనుకుంది.

"బకెట్లోంచి తీసి కడిగింది నేనే. సముద్రపు నీళ్ళతో కడిగాను. మంచి నీళ్ళు లేవు," అన్నాడట ఆర్చీ. "రుమాలు కూడా నాదే. నువ్వు ఇప్పటిదాకా తిరిగివ్వలేదు."

"నాకు కన్నీళ్ళు వస్తాయనుకున్నావా?" అంది నోలీన్ నాతో. "గరిటె పెట్టి కొట్టాలనిపించింది. మోయిరా, యాభై ఏళ్ళు. రోజూ ఐదింటికి. చలికాలంలో ఆ స్నానాలగది ఎలా ఉండేదో తెలుసా? కుళాయిలో నీళ్ళు గడ్డ కట్టేవి. మరుగునీళ్ళు పోసి కరిగించుకునేదాన్ని, ఈయన గుర్రు పెట్టి పడుకునుంటే."

"మరి ఎందుకు చెప్పలేదట?"

"అడిగాను. నువ్వు దాచుకుంటున్నావు కదా, నేను చూస్తే నీకు బాధ కదా, అందుకని చూడనట్టు ఉన్నాను, అది మాత్రం తేలికనుకున్నావా అంటాడు. నువ్వు లేచిన చప్పుడుకి నాకు రోజూ మెలకువ వచ్చేది, మళ్ళీ నువ్వొచ్చేదాకా గుర్రు పెట్టేవాణ్ణి అంటాడు. ఉత్తుత్తి గుర్రు. అంటే ఇద్దరం ఐదింటికే లేచాం రోజూ. ఒకళ్ళ కోసం ఒకళ్ళం." ఆమె ఆ మాట దగ్గర ఆగి, "ఇద్దరికీ నిద్ర లేదు," అని ముగించింది.

వంటగుడ్డ తీసిందా అని అడిగాను. తీసిందట. ఆర్చీ ఒక్క నిమిషం చూసి, "మీ అమ్మలా ఉన్నావు" అన్నాడట. నాలుగు రోజులు ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం సూప్ కాచి పెట్టాడు. ఆయన సూప్ వడగట్టడు, గొర్రె మాంసం ముక్కలు ముక్కలుగానే తేలుతుంటాయి. పళ్ళు లేనివాళ్ళ తిండి ఎలా ఉండాలో అన్నేళ్ళు ఎదురుగా కూర్చుని కూడా ఆయన గమనించలేదు.

జనవరిలో మరల మీద గుండీలు పెట్టి, కొత్త కింది వరస బిగించాం. టప్ మని శబ్దం వచ్చింది. నోలీన్ దాన్ని నాలుకతో తోసి చూసింది, వేలితో లాగి చూసింది. కదల్లేదు. ఆమె చేతిసంచీలోంచి ఒక ఆపిల్ తీసింది. హుహానా వారించేలోపే కొరికింది, కుడిపక్కన.

"కుడివైపే మందు," అంది నములుతూ.

"అలా చెప్పలేమండీ," అంది హుహానా.

"నువ్వు చెప్పలేవు. నేను చెప్పగలను. నాలుగు నెలల్నించీ ఈ పక్క గిలిగింతలు పెడుతోంది. మేస్త్రీలు దిగారు. ఎడమపక్క చప్పుడే లేదు."

హుహానా నవ్వుతూ చీటీ రాసుకుంది. నేను పళ్ళెంలో పనిముట్లు సర్దుకున్నాను. సర్దినవే మళ్ళీ సర్దాను.

అది మొదలు ఏడాదంతా నోలీన్ కుడివైపే నమిలింది. గొర్రె మాంసం, పచ్చి కారెట్లు, గట్టి రొట్టె, అన్నీ కుడివైపే. ఎడమవైపుని ఆసుపత్రిలో రోగిని చూసినట్టు జాలిగా చూసేది. ఒకరోజు సూపర్‌మార్కెట్లో రొట్టెల దగ్గర యూనా పాటర్సన్‌ని ఆపి నోరు తెరిచింది. నేను పక్కనే బన్నుల సంచీ పట్టుకుని నిలబడ్డాను.

"చూడు యూనా, ఈ పక్క. రాయిలా అయింది. ఆ మందు దేవుడిచ్చిందే అనుకో. ఎడమపక్క పాపం ఏమీ పెట్టలేదు, అది అలా ఊరికే ఉంది. కావాలంటే మోయిరాని అడుగు."

"నిజమేనా మోయిరా?" అంది యూనా.

"స్కాన్ తీసేదాకా ఏమీ చెప్పకూడదండీ," అన్నాను.

"చూశావా, కాదనలేదు," అంది నోలీన్.

యూనాది కూడా డెబ్బై దాటిన వయసే, ఆమెదీ అదే పెళ్ళికానుక. మా దక్షిణాన అలాంటి ఆడవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు, చెప్పుకోరంతే. ఆ నెలలో మా క్లినిక్‌కి ఆరుగురు వచ్చారు. పరీక్షలో చేరడానికి గడువు అయిపోయిందని చెబితే ఒప్పుకోలేదు. నోలీన్ కుడివైపు పెట్టిన మందు మాకూ పెట్టండి అన్నారు. ఒకావిడ రెండువైపులా కుడివైపు మందే కావాలంది. ఆ మందు కంపెనీ తరఫున వచ్చే మనిషి ఈ సంగతి విని మురిసిపోయి, నోలీన్ ఫొటో తమ ప్రచార పుస్తకంలో వేసుకోవచ్చా అని అడిగాడు. కుడివైపు నుంచి తీయమంది నోలీన్.

నాకు ఎన్నోసార్లు నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఎడమపక్క కూడా నమలండి అని చెబితే చాలు కదా అనుకునేదాన్ని. అది కూడా చెప్పినట్టే అవుతుంది కదా అని ఊరుకునేదాన్ని.

ఏడాది తిరిగింది. నలభై మందికీ స్కాన్లు తీశారు. కవర్లు విప్పారు. పళ్ళు బిగించేముందు తీసిన ఎక్స్‌రేలు చూస్తే, మొదటి నాలుగు నెలల్లో మందు పెట్టిన పక్క ఎముక తొందరగా పట్టింది, ఆ మాట నిజం. ఏడాది గడిచేసరికి రెండు పక్కలూ ఒకటే అయ్యాయి. కబురందిన మేస్త్రీలు ముందొచ్చారు, అందనివాళ్ళు వెనకొచ్చారు, ఇల్లు మాత్రం రెండువైపులా ఒకే ఎత్తు లేచింది. ముప్పై తొమ్మిది మందిలో అంతే. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఒక్కరిలో మాత్రం ఉప్పునీళ్ళు పెట్టిన పక్కే ముందుంది, అర మిల్లీమీటరు. ఇరవై మూడో నంబరు. నోలీన్.

కంపెనీ మనిషి ఫొటో సంగతి మళ్ళీ ఎత్తలేదు. హుహానా రెండు రోజులు ఆ స్కాన్లే తిప్పి తిప్పి చూసింది. మూడో రోజు నోలీన్‌ని పిలిపించి, తెరమీద రెండు పక్కలూ చూపించి, ఉన్నదున్నట్టు చెప్పింది.

నోలీన్ తెర వంక చూస్తూ కూర్చుంది. "అయితే నా కుడివైపు పెట్టింది ఏంటి?"

"ఉప్పునీళ్ళు."

"ఉప్పునీళ్ళు," అంది నోలీన్. "మామూలు ఉప్పేనా?"

"మామూలు ఉప్పే."

"మరి ఈ ఎముక ఎవరు కట్టారు?"

"మీరే కట్టారు. పని చెబితేనే ఎముక గట్టిపడుతుంది. మీరు ఏడాది పాటు కుడివైపే నమిలారు. మందు అక్కడుందని నమ్మి నమిలారు. ఎడమపక్క మందు పెట్టాం, మీరు దానికి సెలవిచ్చారు."

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. నోలీన్ విషయంలో పెరటి చెట్టే పనిచేసింది, కానీ అది పరదేశపు చెట్టని ఆమె అనుకున్నందుకే పనిచేసింది. హుహానా ఈ మాట కొంచెం వేరేలా, లెక్కలతో చెప్పి, ఫోన్ మోగితే బయటికి వెళ్ళింది.

నోలీన్ నావైపు తిరిగింది.

"నీకెప్పట్నించీ తెలుసు?"

"మొదటిరోజు నుంచీ."

"రొట్టెల దగ్గర యూనాకి నేను నోరు తెరిచి చూపించినప్పుడు?"

"తెలుసండీ."

"ఆ ఫొటో కుడివైపు నుంచి తీయమన్నప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

"మొహం మీద ఒక్క గీత కదల్లేదు నీకు. ఆర్చీ ఒకడు, నువ్వొకతివి. నా నోట్లో ఏముందో నాకు తప్ప ఊళ్ళో అందరికీ తెలుసు."

"సంతకం పెట్టానండీ, చెప్పనని."

"నువ్వు పెట్టావు సరే. ఆర్చీ ఏ సంతకం పెట్టాడు?"

"పెళ్ళిరోజు చర్చిలో పెట్టాడు కదా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలీదు.

నోలీన్ చేతిసంచీ తీసుకుని, తలుపు దాకా వెళ్ళి, "అది నిజమే అనుకో," అని వెళ్ళిపోయింది. ఆమెకి నామీద కోపం తగ్గిందో లేదో ఆరోజు నాకు తెలియలేదు. ఆ వారం ఎదురుపడ్డప్పుడు తల పంకించింది, ఆగి మాట్లాడలేదు. పై వారం చీజ్ రోల్స్ డబ్బా ఒకటి క్లినిక్ గుమ్మం దగ్గర ఉంది. చీటీ లేదు. హుహానా తనకనుకుని సగం తినేసింది.

నోలీన్ నిజం దాచే మనిషి కాదు, పళ్ళ విషయంలో తప్ప. నెలాఖరున ఆడవాళ్ళ సంఘం సమావేశంలో లేచి నిలబడి చెప్పేసింది. ఆరోజు మా అత్తగారి బదులు నేను టీ పోస్తున్నాను.

"మీ అందరికీ నేను తప్పు చెప్పాను. నా కుడివైపు మందు లేదు. ఉప్పునీళ్ళున్నాయి. మందు పెట్టింది ఎడమపక్క. అది మామూలుగా ఉంది. కుడివైపే ఎక్కువ పెరిగింది."

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పాపం ఆమె పరువు పోయింది, ఇంక ఇంప్లాంట్ల మాట ఎవరూ ఎత్తరు అనుకున్నాను నేను.

యూనా పాటర్సన్ చెయ్యెత్తింది. "ఏ ఉప్పు?"

"మామూలు ఉప్పు, యూనా."

"సముద్రపు ఉప్పా, గని ఉప్పా?"

"నాకేం తెలుసు. మోయిరా కలిపింది."

ముప్పై మొహాలు నావైపు తిరిగాయి. ఆసుపత్రుల కోసం సీసాల్లో వచ్చే నీళ్ళని, నేను కలిపిందేమీ లేదని చెప్పాను. ఎంతసేపు నానబెట్టావని ఒకావిడ అడిగింది. పది నిమిషాలన్నాను. పక్కావిడ సంచీలోంచి పుస్తకం తీసి అది రాసుకుంది. నోలీన్ రెండు చేతులూ ఎత్తి, "ఉప్పు కాదే, నమలడం. నమలడం వల్ల," అని మూడుసార్లు చెప్పింది. నమలడం అందరూ చేసేదే కాబట్టి ఎవరూ రాసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి. మందు వద్దు, ఉప్పునీళ్ళు చాలు, కుడివైపు పెట్టాలి. హుహానా ముందు విసుక్కుంది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించింది. ఎముక సరిపడా ఉన్నవాళ్ళకి మందు లేకుండానే మరలు పడతాయి, లేనివాళ్ళు రెండు మూడు నెలలు ఆగితే చాలు, తను చదువుకున్నదీ ఇప్పుడు తేలిందీ అదే. వాళ్ళకి కావలసిందీ అదే. కారణమే తప్పు. "కారణం సరిచెయ్యబోతే రావడం మానేస్తారు," అంది చివరికి. "రానీ."

ఇప్పటికి పదకొండు మందికి చేశాం. పదకొండు మందీ బాగానే నములుతున్నారు. ఎడమపక్క కూడా నమలమని హుహానా ఒక్కొక్కరికీ కాగితం మీద రాసిచ్చి పంపుతుంది. యూనా ఆ కాగితాన్ని మడతపెట్టి తన పాకాల పుస్తకంలో దాచుకుంది.

నోలీన్ మాత్రం ఆరునెలలకోసారి చూపించుకోవడానికి వస్తుంది. మొన్న హుహానా అద్దం పెట్టి చూసి, మీరు ఇంకా కుడివైపే నములుతున్నారే, ఎడమపక్కకి కూడా పని చెప్పండి అంది.

"దానికి విదేశాల నుంచి మందు తెప్పించి పోశారు," అంది నోలీన్. "అంత ఖరీదు పక్కతో గొర్రె మాంసం నమిలిస్తే బాగుంటుందా?"